కొత్త హైబ్రిడ్ కారులో నాలుగు రోజులు, మూడు బసలు, ఒక జంపర్ కేబుల్

మూడో రోజు రాత్రి హైవే పక్కన హోటల్ గేటు దగ్గర వాచ్‌మన్ మా కారు వెనక హైబ్రిడ్ అని రాసి ఉండటం చూసి, "చార్జింగ్ పాయింట్ కింద ఉంది మేడమ్, ఎడమ పక్కకి పోనివ్వండి" అన్నాడు. ఇది ప్లగ్ పెట్టే బండి కాదు బాబూ, పెట్రోల్ పోస్తే చాలు అంటే నమ్మలేదు. "మరి బ్యాటరీ ఉంది కదా?" అన్నాడు. ఉంది, దాన్ని కారే నింపుకుంటుంది. ఈ ఒక్క మాట ఈ నాలుగు నెలల్లో ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. షోరూమ్‌కి వెళ్లకముందు నాకూ తెలీదు కాబట్టి ఆయన్ని ఏమీ అనను.

ప్రయాణం గురించి చెప్పే ముందు కొన్న సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు తిరకాసంతా అక్కడే ఉంది. పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే బండే హైబ్రిడ్, కానీ ఆ పేరు రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. మేం మొదట చూసిన కారుని సేల్స్ కుర్రాడు హైబ్రిడ్ హైబ్రిడ్ అని పదిసార్లన్నాడు, తీరా చూస్తే అది మైల్డ్ హైబ్రిడ్. చిన్న మోటారు ఇంజన్‌కి చేయందిస్తుందంతే, తనంతట తాను కారుని కదిలించలేదు. మా ఆయన ఒక్కటే అడిగారు, "ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఇది ఈ పార్కింగ్‌లోంచి బయటికొస్తుందా?" అని. కుర్రాడు నవ్వేసి బ్రోచర్ పేజీ తిప్పాడు. చివరికి మేం తీసుకున్నది స్ట్రాంగ్ హైబ్రిడ్, ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతున్నప్పుడు సగానికి సగం సేపు ఇంజన్ పలకనే పలకదు. ప్లగిన్ హైబ్రిడ్ అని మూడో రకం ఉంది, దాని బ్యాటరీ పెద్దది, రోజూ చార్జింగ్ పెట్టే ఓపికా, పార్కింగ్‌లో ప్లగ్గూ ఉన్నవాళ్లకే అది లాభం. మాకు రెండూ లేవు.

మామయ్య గారిది వేరే భయం. "కొత్త సరుకమ్మా, రెండేళ్లు ఆగి చూసి కొనుక్కోవచ్చుగా" అన్నారు. టయోటా ప్రియస్ 1997లోనే జపాన్‌లో అమ్మకానికి వచ్చిందని, అంతకుముందెప్పుడో 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే అనే ఆయన ఇంజన్‌తో కరెంటు పుట్టించి చక్రాల్లోని మోటార్లు తిప్పే బండి చేశాడని చెప్పాను. "అంటే నాకంటే పెద్దదన్నమాట" అని ఊరుకున్నారు. పెద్ద బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ అని కాగితం మీద చూశాకగాని పూర్తిగా మెత్తబడలేదు.

ఇక ప్రయాణం. మేం ఇద్దరం, పిల్లలిద్దరు, అత్తయ్య, మామయ్య గారు. నాలుగు రోజులు, మూడు రాత్రులు: ఒకటి కొండ మీద, ఒకటి చెరువు ఒడ్డున, ఒకటి తిరుగు దారిలో హైవే పక్కన. సామాను సర్దేటప్పుడే మొదటి దెబ్బ తగిలింది. బ్యాటరీకి చోటిచ్చి డిక్కీ కొంచెం కుదించారు, స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ ఒకటి పెట్టారు. టైరుకి మేకు గుచ్చుకుంటే ఆ కిట్టు పనికొస్తుంది, టైరు పక్క గోడ చీలితే దానితో ఏమీ చేయలేం. కొనే ముందు డిక్కీ మూత ఎత్తి, కింద ఏముందో చూసి మరీ కొనండి. మేం చూడలేదు.

రెండో సంగతి వెనక సీటు పక్కనున్న చిన్న జాలీ. పెద్ద బ్యాటరీ అక్కడి నుంచే గాలి పీల్చుకుని చల్లబడుతుంది. చిన్నది నిద్రపోతుందని అత్తయ్య కప్పిన దుప్పటి జారి దాని మీద పడింది. ఓ గంటకి వెనక నుంచి గుయ్యిమని ఫ్యాను శబ్దం. ఎవరో కిటికీ తీశారనుకుని అందరం అద్దాలు చూసుకున్నాం. దుప్పటి తీశాక పది నిమిషాలకి శబ్దం దానంతటదే తగ్గింది. అప్పటి నుంచి ఆ జాలీకి కాపలా మామయ్య గారే.

హైవే మీద నాకు కాస్త నిరాశే మిగిలింది. ఊళ్లో ట్యాంక్ నుంచి ట్యాంక్‌కి లెక్కేస్తే లీటరుకి 23 కిలోమీటర్ల వరకూ ఇచ్చిన బండి, 110లో పరిగెత్తిస్తే 17కి దిగిపోయింది. అందులో వింతేమీ లేదు. బ్రేక్ వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వృథాగా పోయే శక్తినే ఈ కారు కరెంటుగా మార్చి దాచుకుంటుంది, హైవే మీద బ్రేకే వేయకపోతే దాచుకోవడానికేముంది? పైగా వేగం రెట్టింపైతే ఎదురుగా తోసే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. 90కి తగ్గిస్తే 21కి ఎక్కింది. నెలంతా హైవే మీదే తిరిగేవాళ్లు దీనికోసం అదనంగా పెట్టే డబ్బు మైలేజీలో తిరిగొస్తుందని లెక్కలు వేసుకోవద్దు. రోజూ సిగ్నళ్ల మధ్య ఈదేవాళ్ల కారు ఇది.

కొండ ఎక్కేటప్పుడు ఇంకో కథ. బ్యాటరీ చిన్నదే, ఇలాంటి కార్లలో ఎక్కువగా 1 నుంచి 2 కిలోవాట్ అవర్ల మధ్య ఉంటుంది. ఆరుగురం, నిండు డిక్కీ, వరసగా మలుపులు, ఆ చార్జ్ కాస్తా పది నిమిషాల్లో అడుగంటింది. అక్కడి నుంచి భారమంతా ఇంజన్ మీదే. మామూలు గేర్లు ఉండవు కాబట్టి వేగం పెరగకపోయినా ఇంజన్ మాత్రం ఒకే శ్రుతిలో అరుస్తూ ఉంటుంది. "ఏదో పోయిందమ్మా, ఆపు" అన్నారు మామయ్య గారు. ఏమీ పోలేదు, దాని అరుపే అంత. టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద ఇద్దరితో కాకుండా, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఒక ఎత్తు ఎక్కించి చూడాలని అప్పుడు తెలిసింది.

కొండ మీద లాడ్జి గది బాగుంది, కిటికీలోంచి లోయ మొత్తం కనిపిస్తుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడగకముందే వచ్చాయి. పార్కింగ్ మాత్రం ఘోరం. గేటు దాటగానే నిట్టనిలువు దిగుడు, కింద రెండు కార్లకే చోటు, మూడో కారు వస్తే అందరూ బయటికి తీసి మళ్లీ పెట్టుకోవాలి. తెల్లారి ఆరింటికి ఎవరికోసమో మేం రివర్స్ తీయాల్సి వచ్చింది. మోటారు మీదే కదిలింది కాబట్టి ఒక్క గదిలోనూ దీపం వెలగలేదు. అదే నిశ్శబ్దం ఇంకోలా భయపెట్టింది కూడా: వెనక చక్రం పక్కన పడుకున్న కుక్క, బండి తగిలేంత దగ్గరికి వచ్చేదాకా లేవలేదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇలాంటి కార్లు సన్నగా ఒక హమ్ శబ్దం చేయాలని యూరప్‌లో 2019 నుంచి నిబంధన పెట్టింది ఇందుకే. మా కారుకీ ఆ హమ్ ఉంది. ఆ కుక్కకి అది చాలలేదు.

దిగేటప్పుడు మాత్రం పండగే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బండి బిగబట్టుకుని దిగుతుంది, స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే నిండుతుంటాయి. పెద్దాడు బయటి లోయ వదిలేసి గీతలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఎనిమిదో గీత నిండిన రెండు మలుపులకి, కాలు దేని మీదా లేకుండానే ఇంజన్ ఒక్కసారిగా గట్టిగా అరిచింది. ఈసారి నా గుండే జారింది. పక్కకి ఆపి మాన్యువల్ తీసి చూశాం: బ్యాటరీ నిండిపోతే ఇక కరెంటు దాచుకునే చోటు లేదు కాబట్టి, ఇంజన్‌ని పెట్రోల్ లేకుండా ఉత్తినే తిప్పి దాంతో బండిని ఆపుతుందట. డబ్బాలో గాలి నొక్కినట్టు. గేర్ లీవర్ మీద బీ అని ఉండేది అందుకే, పెద్ద దిగుడు మొదట్లోనే దాన్ని వేసుకోవాలి. బ్రేకులు వేడెక్కకుండా కిందికి వచ్చేశాం.

చెరువు ఒడ్డు బస నాకు అన్నిటికన్నా నచ్చింది, అక్కడే అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పడ్డాం. గది సంగతి నిజం చెప్పాలంటే అంతంతమాత్రం. కింది గదిలో తేమ వాసన, బాత్రూమ్ తలుపుకి గడియ సరిగ్గా పడదు, ఫొటోల్లో చూపించిన పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. కానీ వరండాలో కూర్చుంటే నీళ్లు, గాలి తప్ప ఇంకేం వినిపించదు. సాయంత్రం పిల్లలు కారులో పాటలు పెట్టుకుంటామంటే తాళం ఇచ్చాను. వాళ్లు బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కారు, పాటలొచ్చాయి, స్క్రీన్ వెలిగింది, వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? రెండు గంటల తర్వాత దిగొచ్చేశారు, బటన్ అలాగే ఉంది, డిక్కీ మూత సరిగ్గా పడక లోపలి లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంది.

పొద్దున రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోలేదు. రిమోట్‌లోనే దాచి ఉన్న చిన్న ఇనప తాళంచెవితో తీసి బటన్ నొక్కితే, టిక్ టిక్ మని నాలుగు లైట్లు మిణుక్కుమని ఆరిపోయాయి. అంత పెద్ద బ్యాటరీ పెట్టుకుని ఇదేం ఖర్మ అనిపించింది. సంగతేమిటంటే ఈ కార్లలో రెండు బ్యాటరీలుంటాయి. బండిని నడిపే పెద్దది వేరు, కంప్యూటర్లని, తలుపుల్ని, లైట్లని చూసుకునే మామూలు 12 వోల్టులది వేరు. ఆ చిన్నది డౌన్ అయితే పెద్దది నిండుగా ఉన్నా దాన్ని కలిపే స్విచ్ పడదు, బండి కదలదు. తోసి స్టార్ట్ చేయడమూ కుదరదు. స్క్రీన్ మీద రెడీ అనే పచ్చ లైటు వెలిగితేనే పెద్ద బ్యాటరీ చిన్నదానికి చార్జ్ ఇస్తుంది. పిల్లలు పాటలు విన్నంతసేపూ ఆ లైటు లేదు.

రోడ్‌సైడ్ సహాయం నంబరుకి ఫోన్ చేశాం. నలభై నిమిషాలన్నవాళ్లు రెండున్నర గంటలకి వచ్చారు. వచ్చినతను బానెట్ ఎత్తి లోపల నారింజ రంగు వైర్లు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. భయపడటంలో తప్పు లేదు, హై వోల్టేజ్ వైర్లకి ఆ రంగు వేసేదే ముట్టుకోవద్దని. కానీ "హైబ్రిడ్ మేం ముట్టుకోం, ముందు చక్రాలెత్తి లాక్కెళ్తాం, లేదంటే తాడు కట్టి లాగుతాం" అని రెండు రకాలుగా చెప్పేసరికి నాకు ఒళ్లు మండింది. ఇలాంటి కారుని నడిపే చక్రాలు నేల మీద తిరుగుతుండగా లాక్కెళ్లకూడదు, లోపల మోటార్లూ వాటితో తిరుగుతాయి, ఆ చక్రాలనైనా పైకెత్తాలి, లేదంటే చక్రాలన్నీ పైకెక్కించే లారీ కావాలి, తాడు కట్టి లాగడం కుదరదు. ఆ మాట మాన్యువల్‌లో వేలు పెట్టి చూపిస్తే, ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటానని వెళ్లి వేప చెట్టు కింద కూర్చున్నాడు.

ఈలోగా బస చూసుకునే ఆయన, తెల్ల మీసాల పెద్దాయన, తన పాత జీపు తెచ్చి పక్కన పెట్టాడు. చేతిలో జంపర్ కేబుల్, అక్కడక్కడా టేపు చుట్టి ఉంది. మా కారులో చిన్న బ్యాటరీ వెనక ఉన్నా, ముందు ఫ్యూజు డబ్బాలో ఎర్ర మూత కింద దానికోసమే ఒక ఇనప ముక్క పెట్టారు. మా ఆయన మాన్యువల్ చదువుతుంటే ఆయన తగిలించాడు: ఎరుపు ఎరుపుకి, నలుపు బానెట్ కింద రంగు వేయని బోల్టుకి. రెండు నిమిషాలాగి బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే రెడీ అని పచ్చగా వెలిగింది, శబ్దం లేదు, ఇంజన్ లేదు. "స్టార్ట్ కాలేదుగా అమ్మా" అన్నాడు పెద్దాయన. గేరు వేసి ఒక అడుగు ముందుకి జరిపి చూపించాను, అప్పుడు నవ్వాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. గదికి రెండు మార్కులు, మనిషికి పది.

చివరి రాత్రి హైవే హోటల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అన్నీ ఉన్నాయి, ఏదీ గుర్తులేదు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో గది సిద్ధమయ్యేదాకా ఏసీ వేసుకుని కారులోనే కూర్చుందామన్నారు అత్తయ్య. ఇంజన్ ఆగి ఉన్నా ఏసీ నడుస్తుంది నిజమే, కానీ బ్యాటరీ తగ్గగానే చెప్పాపెట్టకుండా ఇంజన్ లేస్తుంది, మూసున్న చోట ఆ పొగ ప్రాణాల మీదికి తెస్తుంది. శబ్దం లేదు కదా అని ఇంట్లో షెడ్డులో రెడీలోనే వదిలేసి లోపలికి వెళ్లిపోవడం కూడా ఇంతే ప్రమాదం. అందరినీ దింపి రిసెప్షన్‌లో కూర్చోబెట్టాను, అలిగారు.

మొత్తం 1,180 కిలోమీటర్లు, 58.5 లీటర్లు. లీటరుకి 20 దాటింది కొంచెం. స్క్రీన్ మాత్రం 21.6 అని గొప్పలు చెప్పుకుంది.

తిరిగొచ్చాక సర్వీసుకి ఇచ్చాం. బిల్లులో హైబ్రిడ్ చెకప్ అని ఒక వరస ఉంది. ఆ జాలీ వెనక ఫిల్టర్ శుభ్రం చేశారా అంటే, అలాంటిదేం ఉండదన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. మామయ్య గారు లేచి, వెనక సీటు దగ్గరికి తీసుకెళ్లి, జాలీ ఊడదీసి, దుప్పటి నూలు పట్టుకున్న ఫిల్టర్ అతని చేతిలో పెట్టారు. బ్రేక్ ప్యాడ్లు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయన్నారు, ఆపే పని సగం మోటారే చేస్తుంటే అరగడానికేముంది.

వచ్చే నెల మళ్లీ చెరువు ఒడ్డుకే వెళ్తున్నాం, ఈసారి పైగది చెప్పాం. ఫోన్లో పెద్దాయన గొంతు గుర్తుపట్టి, "అదే కారులోనేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "సరే, జీపు బయటే పెడతాను" అన్నాడు.