వసంత, బసంత, ప్రాజక్త: సరిహద్దులో పాపకు ఏ పేరు మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపైనా, మహారాష్ట్రలోని సిరొంచ, ధర్మాబాద్ వైపైనా బారసాల దగ్గరపడితే తెలుగిళ్లలో మూడు రకాల పేర్లు తిరుగుతాయి: అచ్చతెలుగువి, పొరుగు భాషవి, అందరికీ తెలిసిన సంస్కృతం పేర్లు. మూడో రకం క్షేమం అనుకుంటారు గానీ, ఎక్కువ మారిపోయేవి అవే.

ఒడియాలో 'వ' నిలవదు, 'బ' అయిపోతుంది. మాట మొదటి 'య'ను 'జ' అంటారు, 'క్ష'ను 'ఖ్య'లా పలుకుతారు. వసంత బసంత, యమున జమున, మీనాక్షి మీనాఖి అవుతారు. పేరు ముందే తెలుసు కాబట్టి పుట్టుక నమోదు చేసే గుమాస్తా మనల్ని అడగడు, తన అలవాటున రాసేస్తాడు. అదే వెన్నెల అంటే ఆగి ఒక్కో అక్షరం అడుగుతాడు. కాకపోతే ఒడియాకూ మరాఠీకీ పొట్టి 'ఎ' లేదు. పిలుపులో 'వేన్నేలా' అని సాగుతుంది.

మరాఠీ వైపు 'వ', 'య'లకు ఢోకా లేదు. అక్కడి చిక్కు ఇంగ్లిషు స్పెల్లింగుది. మనం 'త'కు టీ పక్కన హెచ్ పెడతాం, వాళ్లకది 'థ'. లతను అలా రాసిస్తే దేవనాగరిలోకి 'లాథా' అని ఎక్కొచ్చు. మరాఠీలో ఆ మాటకు అర్థం తన్నులు! హెచ్ తీసేస్తే సరి. 'జ్ఞ' ఉన్న పేర్లు మాత్రం వద్దు: మన నోట ప్రగ్న అయ్యే ప్రజ్ఞ ఒడియాలో ప్రగ్యా, మరాఠీలో ప్రద్న్యా, స్పెల్లింగులూ మూడు.

మా మొగ్గు పొరుగు పేరుకే. ఒడిశాలో లోపాముద్ర, ఇతిశ్రీ, మహారాష్ట్రలో సాయలి, ఋతుజ తెలుగు నోటికీ తేలికే. ప్రాజక్త అంటే పారిజాతం, పేరు చక్కనిదే, కానీ అమ్మమ్మ నోట ప్రాజెక్టు కాకుండా చూసుకోవాలి. 'ఋ'ను హిందీవాళ్లు 'రి' అంటారు గానీ తెలుగు, ఒడియా, మరాఠీ మూడింటిలోనూ 'రు' అనే అంటారు. స్పెల్లింగులో మాత్రం ఆర్ తర్వాత ఐ పెడతారో యూ పెడతారో ముందే తేల్చుకోండి. మగపిల్లాడికి జగబంధు అనుకుంటే అది జగన్నాథుడి పేరు, తుకారాం పండరిపురం విఠలుడి భక్తులైన వార్కరీల సంతు పేరు. వినసొంపు ఒక్కటే చూసి పెట్టేవి కావు.

తొందరేమీ లేదు. పుట్టుక 21 రోజుల్లో నమోదైతే చాలు. పేరు గడి ఖాళీగా ఉంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడి చేరికకు జనన సర్టిఫికెట్టే ఆధారం కనుక, పేరును ఇంగ్లిషు పెద్దక్షరాల్లోనూ స్థానిక లిపిలోనూ మీరే రాసివ్వండి. మరాఠీ వరుసలో పాప పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. మన అలవాటున ఇంటిపేరు ముందు రాశారో, పాప పేరు అదే అయి కూర్చుంటుంది.