ఎలుకల ప్యాకేజీ అంటూ ఇంట్లో విషవాయువు వదిలే మాత్రలు పెట్టి పోతున్నారు, జాగ్రత్త (విజయనగరం)

విజయనగరంలో గానీ చుట్టుపక్కల ఊళ్లలో గానీ ఎలుకలకు, బొద్దింకలకు ఏడాది ప్యాకేజీ మాట్లాడుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

వరి కోతలయ్యాక పొలాల్లో ఎలుకలు ఇళ్ల మీద పడతాయి కదా. మాది పాత పెంకుటిల్లు, రాత్రంతా అటక మీద ఒకటే చప్పుడు. పాంప్లెట్ మీద నంబరుకు ఫోన్ చేస్తే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వంటింట్లో బొద్దింకలకు జెల్ పెట్టారు, దాంతో ఏ ఇబ్బందీ లేదు. తర్వాత అటకెక్కి కాగితం పొట్లాలు పెట్టి దిగారు. ఏం మందు బాబూ అంటే, "స్పెషల్ మందండి, మనుషులకి ఏటీ కాదు" అన్నారు.

ఆ రాత్రి ఇల్లంతా కుళ్లిన వెల్లుల్లి వాసన. మా అత్తయ్యకు తలనొప్పి, వాంతులు. పిల్లాడు కడుపులో తిప్పుతోందని ఏడుపు. అందరం బయటికి వచ్చేసి ఆసుపత్రికి పరుగెత్తాం. వాసన సంగతి వినగానే డాక్టరుగారు "ధాన్యంలో పెట్టే మాత్రలు గానీ పెట్టారా?" అని అడిగారు. అవే. త్వరగా బయటికి రాబట్టి అందరం క్షేమంగా ఉన్నాం.

అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల మాత్ర నుంచి 1 గ్రాము గ్యాస్. దీనికి విరుగుడు లేదు. గోదాముల్లో బస్తాల మీద గాలి చొరబడని షీట్ కప్పి, మనుషుల్ని దూరంగా ఉంచి వాడాల్సిన మందును పిల్లలు పడుకునే గది నెత్తిన పెట్టి వెళ్లారు! సందుల్లోంచి పక్క పోర్షన్‌లోకి కూడా పోతుంది. వాసన తగలనంత తక్కువగా ఉన్నా ప్రమాదమే.

వాళ్లకు ఫోన్ చేస్తే "పొద్దుటికి పోతాది మేడం" అన్నారు, తర్వాత ఎత్తడం మానేశారు. బిల్లు మీద మందు పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

ఎవరిని పిలిచినా ముందు లైసెన్స్ అడగండి. సీలు తీయని డబ్బా మీ ముందే తెరవమనండి, లేబుల్ ఫోటో తీసుకోండి. కాగితంలో విడి మాత్రలు కనిపిస్తే గుమ్మంలోంచే పంపేయండి. ఎలుకలకు బోను ఉంది. మందే కావాలంటే బ్రోమాడియోలోన్ 0.005 శాతం కేకులు తాళం వేసే పెట్టెలో పెట్టించుకోండి. అదీ విషమే, కానీ పొరపాటున ఎవరైనా తింటే విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది. కన్నాలు ఇనుప పీచు కుక్కి సిమెంటుతో మూయించండి.

మీ ఇంట్లో ఇప్పటికే అలాంటి పొట్లాలు పెట్టి ఉంటే చేత్తో తీయకండి, నీళ్లు అసలు పోయకండి, తడి తగిలితే గ్యాస్ ఇంకా ఎక్కువగా వస్తుంది. అందరూ బయటికి వచ్చి 101కి చెప్పండి. ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేసి, ఇంట్లో ఏం పెట్టారో డాక్టరుకు మొదటే చెప్పండి.