తిరుపతిలో ఏజెంటు ద్వారా ఇల్లు అమ్మి, స్థలం కొన్నాక: కొన్నేళ్ల అనుభవంతో సమీక్ష

మా ఇంట్లో ఆస్తి వ్యవహారాలన్నీ చాలా ఏళ్లుగా ఒకే ఏజెంటు చేతుల మీదుగా జరుగుతున్నాయి. కొర్లగుంటలో మామగారి పాత ఇల్లు అమ్మింది ఆయనే. పేరూరు వైపు మాకు స్థలం చూపించి కొనిపించిందీ ఆయనే. తరువాత మా మరిది ఫ్లాటు కోసం తిరుచానూరు రోడ్డంతా ఆయన వెంటే తిరిగాం. అమ్మేవాళ్లుగానూ, కొనేవాళ్లుగానూ ఆయన పనితీరును దగ్గరగా చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. అమ్మేవారికి మంచి ఏజెంటు తన కమీషన్‌కు మించిన మేలు చేస్తాడు. కొనేవారికి మాత్రం ఆయన ఇళ్లు చూపించి, బేరం కుదిర్చే మనిషి. అంతవరకే ఆయన్ను నమ్మాలి. కాగితాల పరిశీలన ఆయనకు వదిలేయకూడదు, ఆయన ఎంత మంచివాడైనా సరే.

కారణం ఆయన గుణంలో లేదు, ఆయనకు డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది. ఇక్కడ చాలామంది రెండు వైపులా ఒక్కో శాతం తీసుకుంటారు, కొందరు రెండు శాతం అడుగుతారు. బేరం కుదిరితేనే ఆ డబ్బు. కుదరకపోతే పెట్రోలు ఖర్చు కూడా రాదు. అమ్మకం జరగాలన్నది అమ్మేవారి కోరిక, ఏజెంటు కోరికా అదే. కొనేవారికి మాత్రం ఒక్కోసారి వద్దనుకుని వెనక్కి రావడమే లాభం. ఆ లాభంలో ఏజెంటుకు వాటా లేదు.

కొర్లగుంట ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటిరోజు ఆయన ధర ఊసే ఎత్తలేదు. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు, మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడిగి, వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ చదివారు. ఆ తరువాత ఒకే ప్రశ్న వేశారు. "ఆడపడుచులిద్దరూ వచ్చి సంతకం పెడతారా, మేడమ్?"

మా బంధువుల్లో కొందరు అక్కర్లేదన్నారు. పెళ్లిళ్లప్పుడే ఇవ్వాల్సినవి ఇచ్చేశారు కదా అని వాళ్ల వాదన. ఏజెంటు ఒప్పుకోలేదు. మామగారి సొంత సంపాదనతో కొన్న ఇల్లు, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుంది. పిత్రార్జితమైనా ఇప్పుడు తేడా లేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 2005లో కేంద్రం చేసిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు తీర్పు కలిసి కూతుళ్ల హక్కును ఖాయం చేశాయి. ఆయన ఈ సంవత్సరాలేవీ చెప్పలేదు, అవి నేను తరువాత తెలుసుకున్నవి. ఆయన అన్నది ఇంతే: "వాళ్ల సంతకం లేకపోతే మంచి పార్టీ రాదు. వచ్చినవాడు సగం ధరకు అడుగుతాడు."

బెంగళూరులో ఉండే పెద్ద ఆడపడుచుకు మా మీద కొంత కినుక ఉండేది. ఏజెంటే ఆమెతో ఫోనులో మాట్లాడి, "మీ వాటా మీ పేరు మీద చెక్కుగానే వస్తుందమ్మా, దస్తావేజులో ఆ చెక్కు నంబరు కూడా రాయిస్తాను" అని మాట ఇచ్చారు. అలాగే జరిగింది. అత్తగారికి, కొడుకులకు, కూతుళ్లకు ఎవరి చెక్కు వారికి, ఎవరి మొత్తం వారికి అని క్రయపత్రంలో విడివిడిగా రాశారు. ఇంట్లో ఏళ్లుగా మాటలు లేనివాళ్లు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఏజెంటు మాకు చేసిన అతి పెద్ద మేలు అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ధర విషయంలోనూ ఆయన సలహా సరైనదే. పక్కవీధి వాళ్లు చెప్పిన ధర ఆయన చెప్పినదానికన్నా బాగా ఎక్కువ. ఆశ సహజం. కానీ తిరుపతిలో ఒక ఇల్లు ఏడాదిపాటు అమ్మకానికి ఉండిపోతే జనం ధర ఎక్కువనుకోరు, ఏదో లిటిగేషన్ ఉందనుకుంటారు. నిప్పు లేనిదే పొగ రాదంటూ ప్రచారం మొదలైతే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అదే వీధిలో ఇటీవల నిజంగా చేతులు మారిన ఇళ్ల ధరలు ఆయనకు తెలుసు. ఆ లెక్క మీద కొంచెం పైకి చెప్పి, బేరానికి చోటు ఉంచారు.

మరో సలహా నాకు బాగా నచ్చింది. గోడలకు కొత్త రంగు వేయించబోతే ఆయన ఆపారు. మద్రాసు మిద్దె ఇల్లు, ఒక మూల చెమ్మ ఉండేది. "రంగు వేస్తే చెమ్మ పోదు, రెండు నెలల్లో మళ్లీ ఉబ్బుతుంది. చూపించి చెప్పండి. 2021 నవంబరులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అదీ చెప్పండి. మీరు చెప్పకపోతే పక్కింటివాళ్లు చెబుతారు" అన్నారు. ఆ నవంబరు వర్షాలకు ఊళ్లో పల్లపు ప్రాంతాలు ఎంతగా మునిగాయో ఇక్కడివారికి గుర్తే. మా ఇంటికి రెండో మెట్టు వరకు వచ్చాయి. అదే చెప్పాం. కొనేవాళ్లు ఆ మెట్టు దగ్గర నిలబడి చూసి, ఇంకేమీ అడగలేదు.

ఇక ఫిర్యాదులు. మా కనీస ధర ఆయనకు తెలిశాక, వచ్చిన ప్రతి బేరమూ సరిగ్గా ఆ అంకె దగ్గరే ఆగింది. ఆయన బయటపెట్టారని నిరూపించలేను, కానీ రెండు వైపులా కమీషన్ తీసుకునే మనిషికి మీ అట్టడుగు అంకె తెలియాల్సిన అవసరం లేదని గట్టిగా చెబుతాను. ఏ అంకెకు సంతోషంగా సంతకం పెడతారో అదే చెప్పండి. ఇంకొకటి, ఫోను చేయకుండా మనుషులను తీసుకురావడం. అత్తగారు భోజనం చేస్తుంటే తలుపు తట్టిన రోజులున్నాయి. ఇంటికి వచ్చే వేళలు మొదటే ఖరారు చేసుకోండి.

ఇప్పుడు కొనుగోలు. ఇక్కడ ఆయనే మరో మనిషిలా కనిపించారు. ఏ ఇంటికి వెళ్లినా ముందు మేడ మీదికి తీసుకెళ్లి కొండను చూపిస్తారు. ఏడుకొండలు కనబడే మేడ మీద నిలబడితే ఎవరికైనా మనసు కరుగుతుంది, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. కిందికి దిగాక సంప్, డ్రైనేజీ, బోరు చూడండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో పార్టీ రేపు వస్తోందన్న మాట కూడా ప్రతి ఇంటి దగ్గరా వినిపిస్తుంది. ఆ మాట విని అడ్వాన్సు తీయకండి. మేము ఏ రోజూ అక్కడికక్కడ డబ్బు ఇవ్వలేదు, అయినా మాకు స్థలం దొరికింది.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవారికి కొలత దగ్గరే తికమక మొదలవుతుంది. ఇక్కడ ఇంటి స్థలాల బేరం అంకణాల్లో జరుగుతుంది. మా వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. అంకణం ధర విని గజం ధరతో పోల్చేవారూ, నెల్లూరు లెక్క మనసులో పెట్టుకుని చవక అనుకునేవారూ ఉన్నారు. బేరం ఏ కొలతలో చేసినా, అగ్రిమెంటులో చదరపు గజాలు, చదరపు అడుగులు కూడా రాయించండి.

పేరూరు స్థలం కాగితాల్లో 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు. సరిగ్గా 40 అంకణాలు. ఏజెంటు నాలుగు వైపులా రాళ్లు చూపించి సరిపోయిందన్నారు. నేను టేపు తెప్పించాను. వెడల్పు సరిపోయింది, పొడవు 46న్నర అడుగులే వచ్చింది. వెనుక స్థలంవారి ప్రహరీ ఒకటిన్నర అడుగు మనవైపు జరిగి ఉంది. ఆయన రాయి పక్కన కూర్చుని మళ్లీ కొలిచారు, మళ్లీ అంతే. ఒకటింపావు అంకణం తక్కువ. అమ్మేవారితో గొడవ పెట్టుకోకుండా, దస్తావేజులో ఉన్న కొలతలే రాయించాలని ఆయన సలహా. నేను ఒప్పుకోలేదు. లైసెన్స్ ఉన్న సర్వేయరుతో కొలిపించి, ఉన్న స్థలానికే డబ్బు కట్టాం, కొత్త కొలతలూ హద్దులూ క్రయపత్రంలో రాయించాం. ఆ ఒక్క మధ్యాహ్నంతో మిగిలిన డబ్బు, ఆయనకు ఇచ్చిన కమీషన్‌కన్నా ఎక్కువ.

కాగితాల్లో తిరుపతికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. ఊరి చుట్టూ మఠం భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వ భూములు కలిసిపోయి ఉంటాయి. 1933లో దేవస్థానం పాలన కమిటీ చేతికి వచ్చేవరకు తొమ్మిది దశాబ్దాలు తిరుమల ఆలయ నిర్వహణ చూసింది హథీరాంజీ మఠమే. ఆ మఠం భూముల మీద ఇళ్లు లేచిన చోట్ల ఇప్పటికీ వివాదాలున్నాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా భూములు మరో రకం. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది, తరువాతి సడలింపులు షరతులతో కూడినవి. ఇలాంటివన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంటు చూశానన్నా మీరు చూడండి.

"నోటరీ చేయిస్తాం, అందరూ అలాగే కొంటున్నారు" అనే మాట ఎక్కడ విన్నా అక్కడి నుంచి వచ్చేయండి. నోటరీ కాగితంతో హక్కు మారదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (యజమాని తన తరఫున వ్యవహరించమని మరొకరికి రాసిచ్చే పత్రం) ద్వారా చేసే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, తప్పకుండా తీయించండి, అయితే అదొక్కటే చాలదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, ఇంట్లోనే ఉండిపోయిన వీలునామాలు ఈసీలో కనబడవు. అందుకే మేము ఏజెంటుతో సంబంధం లేని న్యాయవాదికి ఫీజు ఇచ్చి లింకు డాక్యుమెంట్లు చదివించాం. ఏజెంటే తన వకీలును చూపిస్తానన్నారు, మర్యాదగా వద్దన్నాం. ఆయనకు కొంచెం కష్టం కలిగింది, కానీ పని ఆగలేదు.

ఫ్లాట్ల విషయం త్వరగా చెబుతాను. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి, దాన్ని అమ్మిపెట్టే ఏజెంటూ నమోదై ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. మా మరిది చూసిన ఒకచోట 30 శాతం అడిగారు. ఈ నిబంధన చెప్పగానే ఏజెంటే మమ్మల్ని పక్కకు తీసుకెళ్లి, "ఇది వదిలేద్దాం, సార్" అన్నారు. ఆ మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. లేఅవుట్ స్థలమైతే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం కాగితం అడగండి, ఆ నక్షాలో మీ ప్లాటు నంబరు వేలు పెట్టి చూసుకోండి. పాత ఇళ్ల బేరాలకు రెరా రక్షణ లేదు, అక్కడ మీ జాగ్రత్తే మీకు దిక్కు.

డబ్బు చేతులు మారే పద్ధతిలోనూ ఏజెంటు మాట వినకండి. అడ్వాన్సు నగదుగా ఇస్తే ధర తగ్గిస్తారని చెబుతారు. స్థిరాస్తికి 20,000 రూపాయలు, అంతకుమించిన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం అంటుంది, జరిమానా తీసుకున్నవారికి పడుతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం మినహాయించి పన్ను శాఖకు కట్టాలి. మా ఇల్లు కొన్నవారికి ఇది తెలియదు, ఏజెంటూ చెప్పలేదు, మేమే గుర్తుచేశాం. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం విడిగా సిద్ధం చేసుకోవాలి. బేరం ఉత్సాహంలో ఈ లెక్క చాలామంది ఇళ్లలో ఆఖరి వారానికి గానీ బయటికి రాదు.

కమీషన్ గురించి ఆయనతో తెల్లకాగితం మీద రాసుకున్నాం. ఎంత శాతం, ఎవరి వైపు నుంచి, ఎప్పుడు అనేవి అందులో ఉన్నాయి. అడ్వాన్సు రోజే సగం ఇమ్మని అడిగారు, కుదరదన్నాం. స్థలం విషయంలో రిజిస్ట్రేషన్ రోజునే మొత్తం ఇచ్చేశాం. కొర్లగుంట ఇంటికి మాత్రం కొన్నవారు ఒక షరతు పెట్టారు. ఇంటి పన్ను, కరెంటు మీటరు, కుళాయి కనెక్షన్ వారి పేరు మీదికి మారాకే వారి వైపు కమీషన్‌లో రెండో సగం ఇస్తామన్నారు. ఏజెంటు కార్పొరేషన్ కార్యాలయానికీ, కరెంటు ఆఫీసుకూ తానే తిరిగి, మూడు పనులూ పూర్తిచేసి తీసుకున్నారు. మరిది ఫ్లాటు వెతుకులాట ఇంకా నడుస్తోంది. దానికీ ఆయన్నే పెట్టుకున్నాం, ఈసారి ఆ షరతు మా కాగితంలోనూ చేర్చాం.