తుప్పును పట్టుకుంటుంది, కొత్త రేకును వదిలేస్తుంది

గాల్లో తేమ పీల్చుకుని గట్టిపడే నల్ల యూరిథేన్ పెయింట్ ఉంది కదా, తుప్పు మీదే నేరుగా వేసుకోవచ్చని అమ్మేది, దాని గురించే ఇదంతా. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. తుప్పు పట్టి గరుకుదేలిన పాత ఇనుము మీద ఇది ఎంత మొండిగా కూర్చుంటుందో చూశాక నాకు దీని మీద పిచ్చి అభిమానం. అదే పెయింట్, అదే రోజు, అదే బ్రష్షుతో తళతళలాడే కొత్త రేకు మీద వేస్తే చేసిన నిర్వాకం చూశాక మాత్రం ఒళ్ళు మండింది.

బండి మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు. 2023 వేసవిలో విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డులోనే విప్పాం. వెనక యాక్సిల్ హౌసింగ్ (ఇరుసు తొడుగు), కమాన్ కట్టలు (వెనక స్ప్రింగు పట్టీలు), ముందు క్రాస్ మెంబర్ (అడ్డ దూలం), బ్యాటరీ ట్రే, ఫ్లోర్ అడుగు, వీటన్నిటికీ ఈ పెయింటే. డ్రైవర్ కాళ్ళ కింద ఫ్లోర్ జల్లెడైపోతే ఆటోనగర్ నుంచి టింకరింగ్ మేస్త్రీ వచ్చి అంత మేరా కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాడు, అతుకు కనపడకుండా గ్రైండరుతో నున్నగా దిద్దాడు కూడా. వైర్ బ్రష్ కొట్టడం, జిడ్డు కడగడం, ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి మళ్ళీ కడిగి ఆరబెట్టడం, ఇవన్నీ ఈ పని చేసేవాళ్ళకి తెలిసినవే, వదిలేస్తున్నా.

ఒక్కటి మాత్రం మన ఊరి వాళ్ళ కోసం చెప్పాలి. రోహిణి కార్తెలో కారు కింద పడుకుని పెయింట్ వేస్తుంటే నుదుటి చెమట బొట్టు తడి పెయింట్ మీద పడింది. తుడిచేద్దామని గుడ్డ వెతికేలోపే అక్కడ సన్నగా నురగ లేచి, మినపగింజంత పొక్కు కట్టింది. ఇందులో ఉండే ఐసోసైనేట్ అనే రసాయనానికి నీళ్ళు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అది బయటికి పోయేలోపు పైన పొర గట్టిపడితే బుడగలుగా మిగిలిపోతుంది. వానాకాలం గాల్లో మందంగా వేసినా ఇదే గొడవ. కృష్ణ ఒడ్డున ఉన్నాం, మనకి తేమకేం కరువు! అందుకని పల్చటి కోట్లు, పొద్దున్నే, నెత్తికి తువ్వాలు. మాస్కు కూడా మామూలు గుడ్డది కాదు, రసాయనాల ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్నదే పెట్టుకోండి, ఐసోసైనేట్ ఊపిరితిత్తులకి మంచిది కాదు. చేతికి అంటి ఆరిందంటే చర్మంతో పాటు ఊడాల్సిందే. నల్ల గోళ్ళతో ఒక పెళ్ళిలో అక్షింతలు వేసొచ్చాను.

మొదటి ఏడాది అంతా ఆనందమే. అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ ఇదే కొనమని చెప్పాను.

తర్వాత 2024 సెప్టెంబర్ 1 వచ్చింది. బుడమేరు వాగు కట్ట తెగి సింగ్‌నగర్, పాయకాపురం ఏమైందో చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. కారుని ఎటైనా ఎత్తు మీదికి తోలే టైమే లేదు. మేం పైఅంతస్తుకి ఎక్కాం, అది షెడ్డులో సీట్ల దాకా మునిగింది, రోజుల తరబడి అలాగే ఉంది. నీళ్ళు తీశాక చూస్తే డిక్కీ నిండా ఒండ్రు, లోపలంతా మురుగు వాసన. ఇంజను సంగతి వేరే కథ, దాని ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఆటోనగర్‌లో ఆ నెలంతా మునిగిన బండ్లే, మా మేస్త్రీ దొరికేసరికి దసరా దాటింది.

కారు స్టాండ్ల మీదికి ఎక్కించి, అడుగు బురద కడిగి, టార్చి వేసి చూశాం. యాక్సిల్ హౌసింగ్ మీద బురద పోయాక పెయింట్ నిన్న వేసినట్టుంది. కమాన్ పట్టీల అంచుల దగ్గర కూడా లేవలేదు, పట్టీకీ పట్టీకీ రాపిడి ఉన్న చోట మాత్రమే అరిగింది. మేస్త్రీ నమ్మక స్క్రూడ్రైవర్ మొన పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. చిన్న గంటు పడింది అంతే, చుట్టూ పొర కదల్లేదు. "ఇది పెయింటేంటండీ, ఇనుము మీద ఇంకో ఇనుము కదా" అన్నాడు. అదే వరదలో, డోర్ల లోపలి వైపు రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్ వేసిన చోటల్లా పొక్కులు లేచి, గోరు తగిలితే కింద నుంచి ఎర్రనీళ్ళు కారాయి.

ఈ ఆనందంలో ఉండగానే టార్చి డ్రైవర్ వైపు ఫ్లోర్ మీదికి తిప్పాను. కొత్త రేకు అంచున పొర కొద్దిగా లేచి ఉంది. వేళ్ళతో పట్టి లాగితే కొత్త ఫోను మీది ప్లాస్టిక్ పొర లాగినట్టు అరచేయంత ముక్క చప్పుడు లేకుండా వచ్చేసింది. ముక్క చించుదామంటే చిరగదు, అంత గట్టిది. దాని వెనక వైపు అద్దంలా నున్నగా ఉంది, రేకు మీద గ్రైండరు గీతలు కూడా సరిగ్గా అచ్చు పడలేదు. కింద రేకు మీద పల్చగా నారింజ రంగు తుప్పు. పొర ఊడడం వెల్డింగ్ గీత దాకా వచ్చి అక్కడ టక్కున ఆగిపోయింది. గీతకి ఇవతల పాత ఫ్లోర్, దాని మీద పెయింట్ బండరాయి. రెండింటికీ మధ్య అంగుళం కూడా లేదు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. ఈ పెయింట్ ప్రధానంగా ఇనుములోని గుంటల్లోకి, గరుకులోకి దిగి అక్కడ బిగుసుకుంటుంది. తుప్పు తినేసిన పాత ఇనుములో పట్టుకోవడానికి చోటే చోటు. మిల్లు నుంచి వచ్చిన రేకు నున్నగా ఉంటుంది, పైగా దాన్ని మా మేస్త్రీ ఇంకా నున్నగా దిద్దాడు, పాపం మంచి పనే చేశాడు. రేకును కొరికి గరుకు చేయాల్సిన యాసిడ్ కూడా నున్నటి రేకు మీద నిలవదు, జారిపోయి ఆరిపోతుంది, తడి ఆరకుండా పూస్తూ ఉంటేనే కొరుకుతుంది. డబ్బా మీద "శుభ్రమైన, పొడి ఉపరితలం" అని పెద్దక్షరాల్లో రాశారు, గరుకు మాట ఎక్కడో అడుగున చీమల వరసలో ఉంది. నా కోపమంతా అక్కడే. తుప్పు మీద వేయండని అంత గొప్పగా చెప్పుకునేవాళ్ళు, తుప్పు లేని చోట ఏం చేయాలో కూడా అంతే గట్టిగా చెప్పొద్దా? తుప్పు పట్టిన కారు బాగు చేస్తే ఎక్కడో ఒక చోట కొత్త రేకు పడకుండా ఉంటుందా?

ఆ పొరంతా లాగేసి, 80 నంబర్ ఎమరీతో అడ్డంగా నిలువుగా గీకి, రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ (రంగుకి ముందు రేకు మీద వేసే పూత) వేయించాం. ఇప్పటికైతే నిలబడింది, మళ్ళీ వరదొస్తే చెప్పలేను, రాకూడదనే కోరుకుంటున్నా.

మరి పాత ఇనుము సంగతైనా పూర్తిగా నిశ్చింతా అంటే, ఈ మధ్య అదీ లేదు. డోర్ల కింద పొడుగ్గా పెట్టెలా ఉండే సిల్ భాగం బయట వైపు ఇదే వేశాను, ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతోంది. మొన్న జాకీ పెట్టబోతే అక్కడ కరకరమని లోపలికి పోయింది. వరద ఒండ్రు లోపలే ఉండిపోయి రేకును వెనక నుంచి తినేసింది. బయట పెయింట్ పొర మాత్రం చెక్కు చెదరకుండా గుహకి తలుపులా నిలబడి ఉంది. మామూలు పెయింటైతే పొక్కు లేచి ముందే చెప్పేది, ఇది చెప్పదు. పెట్టె లోపలికి బ్రష్ పోదు, అక్కడికి పొడుగు గొట్టంతో మైనం రకం స్ప్రే కొట్టాల్సిందే. ఎండ తగిలే చోట కూడా వేయకండి, వేసినా పైన వేరే రంగు వేయండి. బంపర్ బ్రాకెట్లు నావి ఏడాదిలో బూడిద రంగుకి తిరిగాయి.

డబ్బా గురించి కూడా ఒక మాట. పెద్దది కొనకండి. ఒకసారి మూత తీశాక గాలి తేమతో లోపలే రాయవుతుంది, అంచుకి పెయింట్ అంటితే మూత మళ్ళీ ఈ జన్మలో రాదు. స్టీలు గ్లాసులోకి కావలసినంత వంచుకుని, మూత కింద పాలిథిన్ కవరు పెట్టి మూయండి. ఫ్రిజ్‌లో పెడితే ఆగుతుందంటారు, మా ఇంట్లో ఆ మాటెత్తే ధైర్యం నాకు లేదు.

నాది ఆదివారం మంగళగిరి దాకా వెళ్ళొచ్చే బండి, పనంతా షెడ్డులో చేత్తో చేసుకున్నది. ఆ లెక్కన యాక్సిల్‌కీ కమాన్లకీ మళ్ళీ ఇదే కొంటాను, రెడ్ ఆక్సైడ్‌కి ఎన్నో రెట్లు ఖరీదైనా సరే. బాడీ మొత్తం శాండ్ బ్లాస్టింగ్ చేయించి కొత్త రేకులు కట్టించే స్తోమత ఉన్నవాళ్ళయితే నేరుగా ఎపాక్సీకే వెళ్ళడం నయమేమో. సిల్ రెండు వైపులా కోయాలని మేస్త్రీ అంటున్నాడు, ఈసారి కొత్త రేకు వెల్డింగ్ అయ్యాక గ్రైండరు పెట్టొద్దని ముందే చెప్పి ఉంచాను.