భీమిలి పడవ షికారు: 2,400 రూపాయలకు మూడు గంటల ఇసుక మేట

విశాఖ నుంచి 900కె బస్సులో భీమిలి వెళ్లాం. డచ్చివారి సమాధులు, గడియార స్తంభం, లైట్‌హౌస్ ఒక పూటలో చూసేశాం. బాగున్నాయి.

గోస్తని నదిలో పడవ షికారు సంగతే చెప్పాలి. బసలో తగిలిన మధ్యవర్తి నలుగురికీ కలిపి 2,400 రూపాయలు ముందే పుచ్చుకున్నాడు. రెండు గంటల షికారు, నది సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్తారన్నాడు. లైఫ్ జాకెట్లు మూడే ఉన్నాయి. నాలుగోది అడిగితే, "నీళ్లు మొలలోతే కదండీ" అని నవ్వాడు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి అంత ఘోరం జరిగాక కూడా ఇదీ తీరు! అప్పుడే దిగిపోవాల్సింది.

మొలలోతు కూడా లేదని అరగంటలో తెలిసింది. పౌర్ణమి మర్నాడు, మధ్యాహ్నం రెండున్నర. నీరంతా సముద్రంలోకి జారిపోతోంది. అడుగున ఇసుక గరగరమంది, పడవ ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. అక్క దండకం మొదలుపెట్టింది. ఉన్న ఒక్క మంచినీళ్ల సీసా బావగారే తాగేశారు, పైగా అలిగారు.

పడవ నడిపే పెద్దాయన మాత్రం బంగారం. "ఇప్పుడు పాటు, వద్దని చెప్పాను బాబూ, ఆయన వినలేదు" అంటూ గెడను ఇసుకలో గుచ్చి, నీటి అంచున కత్తితో చిన్న గాటు పెట్టాడు. పౌర్ణమికీ అమావాస్యకూ ఇక్కడ పోటు ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వస్తుందట; ఆ తర్వాత ఆరు గంటలకు పాటు. మర్నాటికి సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అష్టమి రోజుల్లో పోటుకీ పాటుకీ నీటిమట్టంలో ఇంత తేడా ఉండదట. పడవ ఎక్కాలంటే పోటు ఇంకా ఎక్కుతుండగానే ఎక్కాలి. అప్పుడు ఇసుక తగిలినా కాసేపటికి నీరే లేపుతుంది. గడియారం కాదు, తిథి చూసుకుని వెళ్లండి.

మొదట గాటుకు జానెడు కిందికి దిగిన నీరు చాలాసేపు కదలలేదు. అయిదింటికి మళ్లీ గాటును తాకింది. అయిదున్నరకు పడవ తేలింది. పెద్దాయన చేతిలో 300 పెట్టాను, మొహమాటపడుతూనే తీసుకున్నాడు.

మధ్యవర్తిని సగం డబ్బులు తిరిగివ్వమన్నాను. "రెండు గంటలకు కట్టి మూడున్నర గంటలు పడవలో ఉన్నారు కదండీ, మిగతాది నేను అడిగానా?" అన్నాడు. బావగారు ఫక్కున నవ్వారు. మా ఆవిడ ఆయనతో రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు.