చెట్టినాడు ఇళ్లు చూసొచ్చి మా ఇంటి ప్లాను మార్చుకున్నాం

తమిళనాడులో చెట్టినాడు ప్రాంతంలోని కారైకుడి చుట్టుపక్కల హెరిటేజ్ హోటల్ బుక్ చేసుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ఒక్క మాట అడగండి. మా గది పాత ఇంట్లో ఉంటుందా, వెనకాల కొత్తగా కట్టిన బ్లాకులో ఉంటుందా అని. వాళ్లిచ్చే జవాబు వాట్సాప్‌లో పెట్టించుకోండి. మాకు ఈ మాట ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడే మొదలుపెడుతున్నాను.

రాజమండ్రి దగ్గర మాకు 300 గజాల స్థలం ఉంది, ఇల్లు మొదలుపెట్టబోతున్నాం. ఇంటీరియర్ వాళ్లు చూపించే ఫొటోలన్నీ ఒకేలా ఉన్నాయి. తెల్లటి నేల, జిప్సమ్ సీలింగు, టీవీ వెనకాల రాతి డిజైను, అంతే. ఎవరి ఇల్లో పేరు మార్చి పెట్టినా తెలియదు. చెట్టినాడు ఇళ్లు ఒకసారి కళ్లతో చూసి వద్దామని మా ఆయనే అన్నారు. అత్తయ్యగారు పెళ్లికి ముందు మద్రాసులో పెరిగారు, తమిళం వచ్చు, కాబట్టి ఆవిడ లేకుండా వెళ్లే ప్రశ్నే లేదు. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలైపోయి ఖాళీగా ఉంది. రైల్లో చెన్నై సెంట్రల్, అక్కడినుంచి ఆటోలో ఎగ్మోర్, మధ్యాహ్నం పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి కారైకుడి. ప్రయాణంలో చెప్పుకోవలసిందేమీ లేదు. విమానంలో వెళ్లేవాళ్లకి తిరుచ్చి, మదురై రెండూ ఇంచుమించు ఒకే దూరం, ఏది చవగ్గా దొరికితే అది.

ఇక ఆ హోటల్. గది 6,800, రెండు గదులు తీసుకున్నాం, పన్ను అదనం. వాళ్లు పెట్టిన ఫొటోల్లో టేకు స్తంభాల మండువా, అందులోకి పడుతున్న ఎండ, చుట్టూ గదులు ఉన్నాయి. అది చూసే డబ్బు కట్టాం. తీరా రాత్రి వెళ్లేసరికి కుర్రాడొకడు టార్చిలైటు పట్టుకుని పాత ఇంటి పక్క సందులోంచి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ రెండంతస్తుల కాంక్రీటు బ్లాకు. గదిలో నేల విట్రిఫైడ్ టైల్సు, పైన జిప్సమ్ సీలింగు, దాని అంచున నీలం రంగు లైటు. మంచం పక్కన టేకు రంగు వేసిన స్తంభం ఒకటి. మా ఆయన వేలితో కొట్టి చూశారు, ఫైబరు, లోపలంతా బోలు. మేం ఏ రకం గది వద్దనుకుని ఇంత దూరం వచ్చామో సరిగ్గా ఆ గదే ఇచ్చారు!

పొద్దున్నే మేనేజరుని అడిగితే ఫోన్లోంచి తల ఎత్తకుండా 'అవి ప్రీమియం రూములు' అన్నాడు. పోనీ ఆ ఇల్లు లోపల చూస్తామన్నాం. ఆ గదులవాళ్లకే అనుమతి అన్నాడు. కాసేపాగి, కావాలంటే హెరిటేజ్ వాక్ ఉంది, మనిషికి 500 అన్నాడు. అద్దె కట్టి ఆవరణలో దిగినవాళ్లు అదే ఆవరణలో ఉన్న ఇల్లు చూడడానికి టిక్కెట్టు కొనాలట. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మాయి వాళ్ల ఫొటోల స్క్రీన్‌షాట్లు తీసి చూపిస్తే 'అది ప్రాపర్టీ ఫొటో, రూం ఫొటో కాదు' అన్నాడు. అత్తయ్యగారు శుభ్రమైన తమిళంలో, గొంతు పెంచకుండా, 'మీ ఊరి ఇల్లు చూడాలని గోదావరి ఒడ్డునుంచి వచ్చాం బాబూ' అన్నారు. ఆ మాటకీ జవాబు లేదు. టిఫిను బ్రెడ్డు, జాము, చల్లారిన పూరీలు. పణియారాలకి, అంటే మన గుంత పొంగనాలకి, పేరుపడ్డ ఊళ్లో బ్రెడ్డు! మర్నాటికి కూడా కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. పోతే పోయిందని సామాను తీసుకుని బయటపడ్డాం. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మాకు మంచి జరిగింది అక్కడ మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరు వల్లే. రోజుకి 2,800, పెట్రోలుతో కలిపి. ఆయన కారైకుడి దగ్గరున్న కానాడుకాత్తాన్ అనే ఊళ్లో ఒక పాత ఇంటికి తీసుకెళ్లాడు. ఇంటివాళ్లు చెన్నైలో ఉంటారు, ముందు భాగంలో గదులు అద్దెకిస్తున్నారు. గది 3,200, టిఫిను కలిపి. గీజరు వేడెక్కడానికి అరగంట పడుతుంది, బాత్రూం తలుపు గడియ బిగుసుకుపోయింది, ఏసీ ఒక గదికే ఉంది. అయినా ఇదే నా సలహా: చెట్టినాడు వెళ్తే కారైకుడి టౌన్లో కాకుండా కానాడుకాత్తాన్‌లో దిగండి. పొద్దున్న ఆరింటికి వీధిలోకి వస్తే రెండువైపులా ఆ ఇళ్లే, మధ్యలో మనం ఒక్కళ్లమే.

ఈ ఇళ్లు కట్టినవాళ్లు నాట్టుకోట్టై చెట్టియార్లు. బర్మా, సిలోన్, మలయా దేశాల్లో వడ్డీ వ్యాపారం చేసి, బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు ఓడల్లో తెప్పించి, నీటి ఎద్దడి ఉన్న ఈ పల్లెల్లో వేల చదరపు అడుగుల ఇళ్లు కట్టారు. దాదాపు 19వ శతాబ్దం మధ్యనుంచి 1940ల దాకా కట్టినవే అన్నీ. ఇల్లు ఒక వీధిలో మొదలై వెనక వీధిలో తేలుతుంది. వీధి గుమ్మంలో నిలబడితే తలుపు వెనక తలుపు, మండువా వెనక మండువా, చివర పెరటి గుమ్మంలో వెలుతురు, అన్నీ ఒకే గీత మీద కనబడతాయి. మా ఆయన టేపు తీసి గుమ్మాలన్నీ కొలవడం మొదలుపెట్టారు, అప్పటికి కోపం దిగినట్టుంది.

ఆ ఇల్లు చూసుకునే పెద్దాయన అత్తయ్యగారికి ఒక్కొక్కటే చెబుతుంటే ఆవిడ మాకు తెలుగులో చెప్పారు. ముందు అరుగులు మగవాళ్లు లెక్కలు చూసుకోడానికి. తరవాత పెళ్లిళ్లకి హాలు. మండువా చుట్టూ ఉన్న చిన్న గదులు, పెళ్లయిన కొడుకుకి ఒకటి చొప్పున. అవి నిజంగా చిన్నవి, బీరువా, భోషాణం పట్టేంత. జీవితమంతా బయటి వసారాలోనే. పెంకుల వాలు అంతా మండువాలోకే ఉంటుంది, వాన కురిస్తే ఆ నీళ్లు గంగాళాల్లో పడతాయి, మిగిలినవి కాలవలోంచి ఊరి చెరువుకి పోతాయి. అత్తయ్యగారు మద్రాసులో పెరిగినా, వాళ్ల పుట్టిల్లు అమలాపురం దగ్గర మండువా లోగిలి. అన్నదమ్ములు పంచుకుని పడగొట్టేశారు. ఆవిడ ఒక స్తంభం దగ్గర చాపమీద కూర్చుని ఎంతకీ లేవలేదు, మేమూ లేపలేదు.

ఇక్కడే మా ఇంటికి పనికొచ్చే సంగతి ఒకటి పట్టుకున్నాం. మేం చూసిన ఇళ్లలో ఎక్కువ వాటిలో రంగంతా నేలమీద, సీలింగులో, తలుపుల మీద ఉంది. గోడలు మాత్రం తెలుపు. ఆ తెలుపు కూడా పెయింటు కాదు, సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, కరక్కాయ నీళ్లు కలిపి పూతమీద పూత వేసి రాయితో రుద్దిన నునుపు. చెయ్యి వేస్తే ఎండాకాలంలోనూ చల్లగా ఉంది. పైన వరసగా కుటుంబం ఫొటోలు, కొంచెం ముందుకి వంచి కట్టిన అద్దాలు, రవివర్మ పటాలు, అంతకుమించి గోడమీద ఏమీ లేదు. మనం ఇప్పుడు చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. నేల, సీలింగు తెల్లగా వదిలేసి గోడలకి టెక్స్చరు, వాల్‌పేపరు, నాలుగు రంగులు. కంటికి ఎదురుగా ఉండే గోడ ఎప్పుడూ అరుస్తూ ఉంటే ఇంట్లో కూర్చోబుద్ధి ఎలా అవుతుంది? ఈ పూత ఇప్పుడూ వేసేవాళ్లున్నారు, మాకు చదరపు అడుగుకి 300 పైమాట చెప్పారు. ఇల్లంతా మా వల్ల కాదు. పూజగది, వీధి వసారా గోడలకి వేయించుకుంటాం, మిగతావాటికి తెలుపే.

దగ్గర్లోనే ఉన్న ఆత్తంగుడి అనే ఊళ్లో పెద్ద ఇంటికి మా దగ్గర టిక్కెట్టు 50 రూపాయలు తీసుకున్నారు, తప్పక చూడండి. ఆ చెక్క సీలింగు మీది రంగుల పని చూస్తూ మా అమ్మాయి నేలమీదే పడుకుండిపోయింది. అక్కడ షూటింగులు ఎక్కువ, ముందు ఎవరినైనా అడిగి వెళ్లండి. కారైకుడిలో 1941లో కట్టిన వెయ్యి కిటికీల ఇల్లు, కానాడుకాత్తాన్‌లో చెట్టినాడు రాజావారి ప్యాలెస్ మేం బయటినుంచే చూశాం, వాటికోసం ఎక్కువ సమయం పెట్టుకోకండి.

ఆత్తంగుడి టైల్సు చేసే షెడ్డు మాత్రం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఇనప చట్రంలో అడుగున గాజుపలక పెడతారు. దానిమీద డిజైను గడుల మూస. సిమెంటులో రంగు కలిపిన పల్చటి ముద్దని గరిటెతో గడిగడికీ వంచుతారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఒక్క చుక్క పక్క గడిలోకి పోదు. మూస ఎత్తేసి, పైన పొడి సిమెంటు, ఇసక చల్లి, తర్వాత తడి సిమెంటు మెత్తి చదును చేస్తారు. ఆరబెట్టి, నీళ్ల తొట్టిలో నానబెట్టి, మళ్లీ ఎండబెడతారు. గాజు విడిపోయాక తిరగేస్తే ఆ మెరుపు కనిపిస్తుంది. బట్టీ లేదు, కాల్చడం లేదు, మెరుపంతా గాజు ఇచ్చినదే. ఒక అక్క మా అమ్మాయి చేతికి గరిటె ఇచ్చి ఒక టైలు పోయనిచ్చింది, డబ్బు తీసుకోలేదు.

మాకు చెప్పిన ధర చదరపు అడుగు 65, అంచు డిజైను అయితే 80. ధర చూసి తొందరపడకండి, అసలు ఖర్చు పరచడంలో ఉంది. ఈ పలకలు మందం, కింద సిమెంటు పరుపు కూడా మందంగా వెయ్యాలి. కాబట్టి గుమ్మాలు నిలబెట్టకముందే నేల మట్టం లెక్క వేసుకోవాలి. మామూలు టైల్స్ మేస్త్రీ మధ్యలో సందులు వదిలి గ్రౌటు పూస్తే పనంతా పాడు, ఇవి ఒకదానికొకటి ఆనించి పరవాలి. అక్కడి మేస్త్రీలు వస్తామన్నారు, కూలి అడుగుకి 55, రాకపోకలు, తిండి, బస మనవే. యాసిడ్ తగలనివ్వకూడదు. కొబ్బరినూనె చుక్కలు వేసిన గుడ్డతో తుడుస్తూ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ మెరుస్తాయి. ఇల్లంతా వేస్తే కళ్లు చెదురుతాయని నా అభిప్రాయం. మేం మండువా చుట్టూ వసారాకీ పూజగదికీ ఆర్డరు ఇచ్చాం, హాల్లో ఎర్రటి రెడ్ ఆక్సైడ్ నేల.

భోజనం గురించి చెప్పకపోతే అన్యాయం. కారైకుడిలో చిన్న మెస్సులో అరిటాకు భోజనం 180. కూరలు పెట్టే ఆవిడ ప్రతి ఆకు దగ్గరా ఆగి ఏది నచ్చిందో అడిగి మళ్లీ వడ్డించింది. చివర కవుని అరిసి పెట్టారు. బర్మానుంచి వచ్చిందని చెప్పే నల్లబియ్యం అది, ఉడికించి పంచదార, కొబ్బరి కలుపుతారు. అత్తయ్యగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. కిలో బియ్యం 240కి కొనుక్కున్నాం కూడా.

నన్ను బాధపెట్టినవి కారైకుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధిలోని పాత సామాన్ల కొట్లు. ఎనామిల్ గిన్నెలు, క్యారేజీలు, జాడీలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఎనామిల్ క్యారేజీకి 2,500 చెప్పి 1,400కి ఇచ్చారు, అంతకన్నా తగ్గించి అడగచ్చు. కొంచెం లోపలికి వెళ్తే చెక్కడపు ద్వారబంధాలు, స్తంభాలు గోడకి ఆనించి వరసగా ఉన్నాయి. లక్ష్మీదేవి చెక్కిన ద్వారబంధం 1,40,000 అన్నారు. ప్రతిదీ ఒక ఇల్లు పడగొడితే వచ్చినదే. ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వారసులు, ఎవరూ అక్కడ ఉండరు, మరమ్మతులకి అందరూ ఒప్పుకోరు, చివరికి కలప లెక్కన అమ్మేస్తారు. 2014లో ఈ ఊళ్లని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చారు, అయినా పడగొట్టడం ఆగలేదు. మా ఆయన రెండు స్తంభాలు బేరం చేశారు, జత 60,000. మనం కొనకపోతే ఏ రిసార్టువాళ్లో కొంటారు, మన ఇంట్లో అయితే గౌరవంగా ఉంటుంది అన్నది ఆయన వాదన. డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నన్నాళ్లూ ఇంకో ఇల్లు పడుతుంది అన్నది నా వాదన. అత్తయ్యగారు నావైపే ఉన్నారు, స్తంభాలు తీసుకోలేదు. ఇప్పటికీ ఆయన ఒప్పుకోలేదు, మా వడ్రంగి చేత కొత్త టేకుతో చేయిస్తే రెట్టింపు అవుతుందని లెక్కలు చూపిస్తున్నారు. అది నిజమే, అయినా చేయించే ఆలోచనే ఉంది.

టైల్సు ఆర్డరు ఇచ్చేవాళ్లకి ఇంకో మాట. చేత్తో చేసేవి కాబట్టి నెలన్నర టైం అడిగారు, వానలు పడితే ఇంకా ఆలస్యం, ఎండబెట్టడం కుదరదు. సగం అడ్వాన్సు. లారీలో విరిగినవి మన ఖాతాలోనే, నూటికి ఎనిమిది ఎక్కువ చెప్పుకోండి. రంగు ప్రతి విడతకీ కాస్త తేడా వస్తుంది, తర్వాత తెప్పించుకుందాంలే అనుకోకుండా మొత్తం ఒకేసారి పోయించుకోండి. రాజమండ్రి దాకా లారీ కిరాయి 38,000 చెప్పారు. మా వీధిలో ఇంకొకరు ఇల్లు కడుతున్నారు, వాళ్లూ తీసుకుంటే సగం సగం పంచుకుందామని మాట్లాడుతున్నాం.