తలకు 33 రూపాయల పడక

వరంగల్‌లో ఇల్లు లేనివారి రాత్రి బసకు నేనిచ్చే నక్షత్రాల సంగతి ముందే తేల్చేస్తాను. అయిదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటి షెల్టరు నడిపేవాళ్ళ ఖాతాలోనిది కాదు. ఎవరి ఖాతాలో రాయాలో కింద చెబుతాను.

మా తమ్ముడు ఫిబ్రవరిలో పత్తికట్టె పీకుతుండగా మోడు అరికాల్లో దిగింది. అసలే షుగరు మనిషి. పసుపు పెట్టి పది రోజులు ఊరుకున్నాడు. కాలు నల్లబడ్డాక పరకాల నుంచి వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. వార్డులో రోగి పక్కన ఒక్కరినే ఉండనిస్తారు కనుక మరదలు లోపల ఉండిపోయింది. నేను బయట. మొదటి రాత్రి చెట్టు కింద సిమెంటు బల్ల మీద, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాను. దగ్గరలోని లాడ్జిలో రాత్రికి 1,200 అన్నారు. పెన్షను వస్తుంది, ఇచ్చుకోలేక కాదు. కానీ ఆరు రాత్రులకు 7,200 అంటే తమ్ముడి మందుల ఖర్చులో చాలా భాగం. అరవై మూడేళ్ళ నడుముకు రెండో రాత్రి కూడా ఆ బల్ల గతి పట్టేదే. టీ బండి అతను చూసి, "సందులో రాత్రి బస ఉంది బాపూ, డబ్బులు అడగరు" అన్నాడు.

అదీ నేను సమీక్షిస్తున్న చోటు. ఇల్లు లేనివారి కోసం ప్రభుత్వ నిధులతో ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న షెల్టరు. పోచమ్మ మైదాన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. సంస్థ పేరు రాయవద్దని మేనేజరమ్మ కోరింది. బిల్లుల కోసం మళ్ళీ అవే ఆఫీసుల మెట్లెక్కాలి కదా, అంది. రాయను.

లోపలికి వెళ్ళగానే పేరు, ఊరు రాసుకుంటారు. ఆధార్ ఉంటే నంబరు, లేకపోతే వేలిముద్ర. నా ముందు నిలబడిన మనిషి తన ఊరి పేరు చెప్పలేకపోయాడు. రాసే అమ్మాయి విసుక్కోకుండా ఆ గడిలో చిన్న గీత గీసి పడక నంబరు ఇచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ లెక్కల విభాగంలో పనిచేసినవాణ్ణి నేను. ఖాళీ గడి చూస్తే నాకు చెయ్యి దురద పెడుతుంది. ఆ గీత చూసి మాత్రం నోరు మూసుకున్నాను.

ఇనుప మంచం, కొబ్బరి పీచు పరుపు, దుప్పటి. దుప్పట్లు గురువారం ఉతుకుతారు. కాబట్టి బుధవారం వెళ్ళేవారు వాసనకు సిద్ధపడాలి. దిండ్లు లేవు. సామాను పెట్టుకోవడానికి రేకు పెట్టె ఇస్తారు, తాళంచెవి నల్లదారంతో మణికట్టుకు కట్టుకోవాలి. మరుగుదొడ్లు మూడు. శుభ్రంగానే ఉంటాయి కానీ మధ్యదానికి గడియ లేదు, బకెట్టు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. వేడినీళ్ళు లేవు. గుమ్మం దగ్గర ట్యూబులైటు రాత్రంతా వెలుగుతుంది. నిద్ర తేలికగా పట్టనివారు తువ్వాలు కళ్ళ మీద వేసుకోవాలి.

అది మిర్చి కాలం. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు పది పన్నెండు మంది మా హాల్లో పడుకునేవారు. వాళ్ళు తువ్వాలు దులిపితే చాలు, అటు చివరి మంచం దాకా తుమ్ములే. మొదటి రోజు కోపం వచ్చింది. మూడో రోజుకు నేనూ తుమ్మి, "ఈరోజు ధర ఎంత పలికింది?" అని అడగడం అలవాటైంది.

భోజనం రాత్రి ఎనిమిదికి. అన్నం, పప్పు, ఒక కూర. మంగళవారం పచ్చిపులుసు, అందులో ఉల్లిపాయ ముక్కలు ధారాళంగా. ఇంత మంచి పచ్చిపులుసు మా ఇంట్లో కూడా ఈ మధ్య తినలేదు. (ఈ వాక్యం మా ఇంటావిడ చదవదనే ధైర్యం.) బియ్యం ఒక రైసుమిల్లు యజమాని పంపుతాడట. కూరగాయలు సాయంత్రం మార్కెట్లో మిగిలినవి. వంకాయకు పుచ్చు ఉంటే ఆ మేరకు కోసేసి వండుతారు, దాచరు.

మద్యం తాగి వస్తే రానివ్వమని గోడ మీద రాసి ఉంది. నాలుగో రాత్రి ఒకడు తూలుతూ వచ్చాడు. కాపలా ఉన్న పెద్దమనిషి వాణ్ణి లోపలికి రానివ్వలేదు, వెళ్ళగొట్టనూ లేదు. వరండాలో చాప పరిచి, పక్కన నీళ్ళ చెంబు పెట్టి, మంచు పడుతోందని పాత దుప్పటి కప్పాడు. నిబంధన నిలిచింది, మనిషీ నిలిచాడు. మా ఆఫీసులో ఇంత చక్కని నోటు ఫైలు నేను చూడలేదు.

ఆడవాళ్ళ హాలు వేరు. అటువైపు నుంచి పొద్దున్నే ఒక ముసలమ్మ వచ్చి అందరినీ, "మా ఊరి బస్సు వచ్చిందా?" అని అడుగుతుంది. 2024 మేడారం జాతరలో తనవాళ్ళ నుంచి తప్పిపోయిందట. పోలీసులు తెచ్చి దింపారు. ఎవరూ రాలేదు.

ఇక నా లెక్కల జబ్బు. మూడో రాత్రి పదకొండు గంటలకు మంచినీళ్ళ కోసం లేస్తే, మేనేజరమ్మ క్యాలిక్యులేటరు ముందు పెట్టుకుని తల పట్టుకుని కూర్చుంది. వినియోగ ధ్రువపత్రం తయారు చేస్తోంది. మా భాషలో యూసీ. ఇచ్చిన విడత దేనికి ఖర్చయిందో వోచర్లతో చూపితే తప్ప తర్వాతి విడత రాదు. నాకు కాళ్ళు ఆగలేదు, కుర్చీ లాక్కున్నాను.

ఈ షెల్టర్ల లెక్క చదివేవారికి తెలియాలి. చలికి రోడ్ల మీద మనుషులు చనిపోవడంపై సుప్రీంకోర్టు 2010లో గట్టిగా ఆదేశాలిచ్చింది. 2013లో మొదలై 2024 దాకా సాగిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో ఇళ్ళు లేనివారి వసతి ఒక భాగమైంది. దాని మార్గదర్శకాల ప్రకారం పట్టణంలో లక్ష జనాభాకు కనీసం వంద మందికి వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు. 50 మంది ఉండే షెల్టరుకు నిర్వహణ ఖర్చు ఏడాదికి 6 లక్షలు, అదీ అయిదేళ్ళపాటు. పురపాలక సంస్థ తానే నడపవచ్చు, లేదా ఇలాంటి సంస్థకు అప్పగించవచ్చు.

ఆరు లక్షలను యాభైతో, మూడు వందల అరవై అయిదుతో భాగించి చూశాను. తలకు రోజుకు 33 రూపాయలు కూడా పూర్తిగా రావు. నెలకు చూస్తే 50,000. అందులో మేనేజరు, మూడు షిఫ్టులకు ముగ్గురు, కరెంటు, ఫినాయిలు, దుప్పట్ల ఉతుకుడు. అద్దె లేదు కనుక బతికిపోయారు. బస చేసేవారి ఆదాయంలో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు దాకా రుసుము తీసుకోవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. ఊరి పేరే చెప్పలేని మనిషి దగ్గర దేనిలో పదో వంతు తీసుకుంటారు? ఇక్కడ హమాలీలు ఇష్టమైతే డబ్బాలో పదో ఇరవయ్యో వేస్తారు.

పాత రిజిస్టర్లూ తిరగేశాను. 2023 జూలై ఆఖరు వారం, వరంగల్ కాలనీలు వరదలో మునిగినప్పుడు, ఈ యాభై పడకల చోట 87 పేర్లున్నాయి. వాటి పక్కన సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ. ఆ వారానికి అదనపు పైసా రాలేదు. 87 మందికి అయిన ఖర్చు యాభై మంది లెక్కలో పట్టక, యూసీ అభ్యంతరంతో తిరిగొచ్చిందట. ఏ కార్యాలయం నుంచో రాయను. ఆ ఏడాది సిబ్బందికి నాలుగు నెలలు జీతాలు ఆగాయి. కిరాణా కొట్టతను అప్పు పెట్టి పప్పు ఇచ్చాడు.

"అయిదేళ్ళు దాటాక ఎలా అమ్మా?" అని అడిగాను. "ఇప్పుడు ఆరు నెలలు దాటడం గురించే ఆలోచిస్తున్నాను సార్" అంది.

తెలంగాణ పురపాలక చట్టం 2019లో పచ్చదనానికి బడ్జెట్లో 10 శాతం అని రాశారు. మంచిదే, మొదటి రాత్రి నాకు నీడనిచ్చింది చెట్టే. దాని కింద పడుకున్నవాడికీ ఒక శాతం అలా గట్టిగా రాసి ఉంటే ఈ అమ్మ పదకొండింటిదాకా మేలుకుని ఉండేది కాదేమో.

ఇప్పుడు ఆ నక్షత్రం. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక వృద్ధాశ్రమం బిల్లును, కిరాణా రసీదు మీద రెవెన్యూ స్టాంపు లేదని తిప్పి పంపాను. నిబంధన ప్రకారం అది సరైన అభ్యంతరమే. స్టాంపు ధర ఒక రూపాయి. ఆ ఫైలు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చేసరికి ఆర్థిక సంవత్సరం మారింది, ఆ నిధి మురిగిపోయింది. ఆ ఆశ్రమంలో ఆ నెల ఏం వండారో నేను అడగలేదు. అడగడం నా పని కాదు అనుకున్నాను. మిర్చి ఘాటులో పడుకుని పప్పన్నం తిన్నాక, అది ఎవరి అప్పు మీద ఉడికిందో తెలిశాక, ఆ నక్షత్రాన్ని నా పాత బల్ల పేరు మీదే రాసుకుంటున్నాను.

లెక్కలు చూడవద్దని అనను. దొంగ బిల్లులూ చూశాను, ఇరవై మంది ఉన్నచోట అరవై అని రాసినవారినీ చూశాను. కానీ అభ్యంతరం రాసేవాడు ఫైలు తిప్పి పంపే బదులు ఫోను తీసి ఒక్క మాట అడిగితే చాలా వాటికి అక్కడే సమాధానం దొరుకుతుంది. నేను అడిగి ఉంటే స్టాంపు అంటించుకుని మర్నాడే వచ్చేవారు.

నాలుగో, అయిదో రాత్రులు కూర్చుని మేనేజరమ్మ యూసీ పూర్తి చేశాం. వరద వారం ఖర్చును వేరే అనుబంధంగా, రిజిస్టరు నకళ్ళు జతచేసి రాయించాను. తిప్పి పంపడానికి నేనైతే ఏం వెతుకుతానో అవన్నీ ముందే పూడ్చాం. ఆరో రోజు పోస్టాఫీసుకు వెళ్ళి యాభై రెవెన్యూ స్టాంపులు కొని ఆమె సొరుగులో పెట్టాను. తమ్ముడికి రెండు వేళ్ళు పోయాయి, కాలు దక్కింది.

వెళ్ళదలచినవారికి: రాత్రి తొమ్మిదిన్నరలోగా చేరండి, ఆ తర్వాత మంచాలు దొరకవు. దిండు మీరే తెచ్చుకోండి. మధ్య మరుగుదొడ్డి గడియ నేను బిగించి వచ్చాను, బకెట్టు అవసరం లేదు.